ఏ మందు వెయ్యాలన్నది ఆఖరి ప్రశ్న

పండుగప్ప వేసిన రైతు ల్యాబ్‌కు ఫోన్ చేస్తే దాదాపు ఎప్పుడూ మొదట వినిపించే మాట ఒకటే: "చేప తేలుతోందండీ, ఏం మందు వెయ్యమంటారు?" అవతలి మనిషి కూడా ఏదో ఒక పేరు చెప్పేస్తాడు. చెప్పకపోతే ఈయనకేమీ తెలీదనుకుంటారని ఆయన భయం. సాయంత్రానికి డబ్బాలు గట్టు మీదికొస్తాయి. అసలు ఏం జరిగిందన్నది మాత్రం ఎవరూ అడగరు.

అందుకే ఈ అధ్యాయంలో మందుల పట్టిక ఉండదు. ఆ ప్రశ్నను వరుసలో ఆఖరికి ఎలా నెట్టాలో మాత్రమే ఉంటుంది. దానికంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ వారంలో చేపను ఎప్పుడు వలలో పట్టారు? తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత ఉంది? కరెంటు ఏ రాత్రి పోయింది? మేత ఏ రోజు నుంచి మిగిలిపోతోంది? వీటికి జవాబు చెప్పగలిగే రైతుకు సగం రోగాలు రావు. వచ్చినవాటిలోనూ సగానికి మందు అక్కర్లేకుండానే దారి దొరుకుతుంది.

సముద్రపు చేపల సాగు మనకు రొయ్యంత పాతది కాదు. చెన్నైలోని ఉప్పునీటి సాగు పరిశోధన సంస్థ సీబా శాస్త్రవేత్తలు 1997లో పండుగప్పను హేచరీలో గుడ్లు పెట్టించారు. విశాఖపట్నం దగ్గర సముద్రంలో పంజరం దించి అదే చేపను పెంచి చూసింది 2007లో. దేశంలో బహిరంగ సముద్రంలో పంజరాల సాగుకు అదే మొదలు. కోబియా, పాంపనో పిల్లలు హేచరీల నుంచి రావడం మొదలైంది 2010 నుంచే. ఇంత కొత్త సాగు కాబట్టి చాలామంది రొయ్యల చెరువు దగ్గర నేర్చుకున్న అలవాట్లతోనే ఇందులోకి దిగారు. ఏరియేటర్ విలువ తెలియడం, నీటి పరీక్షకు బద్ధకించకపోవడం బాగా పనికొచ్చే అలవాట్లు. 'ఏదో ఒకటి వేసి చూద్దాం' అనేది మాత్రం రొయ్యల్లోనే మంచిది కాదు, చేపల్లో ఇంకా ఖరీదు.

నీటిలో ఎప్పుడూ ఉండేవి

విబ్రియో లేని ఉప్పునీరు లేదు. ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో బ్యాక్టీరియా లక్షల్లో ఉంటుంది. అందులో విబ్రియో జాతులవి కొంత వాటా. ప్లాంక్టన్ మీద, పీతల రొయ్యల పెంకుల మీద, ఆరోగ్యంగా తిరిగే చేప పేగులో కూడా ఇవి మామూలుగానే బతుకుతాయి. కాబట్టి 'నా చెరువులో విబ్రియో ఉంది' అన్నది వార్త కాదు. మొన్నటిదాకా ఏమీ చెయ్యని విబ్రియో ఇవాళ చేప లోపలికి ఎలా వెళ్లింది అన్నది వార్త.

నీటిని క్రిమిరహితం చేసేద్దామనే ఆలోచన దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. చేప ఉన్న నీటిలో ఘాటైన మందు పోసినప్పుడు మంచివీ చెడ్డవీ కలిసే చస్తాయి. చచ్చిన ప్లాంక్టన్ కుళ్లి నీటిలో పోషకాలు పెరుగుతాయి. అలా ఖాళీ అయిన నీటిలో ముందుగా పెరిగేది ఎవరు? నెమ్మదిగా పెరిగే సాధు రకాలు కాదు, నిమిషాల లెక్కన రెట్టింపయ్యే విబ్రియోలు. మందు వేసిన మర్నాడు ల్యాబ్‌లో బ్యాక్టీరియాను మొలిపించి చూసే ప్లేటు శుభ్రంగా కనిపించి, మూడో నాటికి ముందుకంటే ఎక్కువ కాలనీలు రావడానికి కారణం ఇదే. దానికి మందు నకిలీదని కొట్టువాణ్ని తిట్టుకోవడం మామూలు. కొన్నిసార్లు నకిలీ కూడా కావచ్చు, ఆ గొడవ వేరు.

కాలనీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గ్రీన్ కాలనీ అంటే గుండె జారడం, ఎల్లో కాలనీ అంటే ఊపిరి పీల్చుకోవడం మన ఆక్వా ప్రాంతమంతటా ఉంది. విబ్రియో కోసం ల్యాబ్‌లో వాడే ప్లేటులో కలిపిన పంచదారను తినగలిగే విబ్రియో పసుపు పచ్చగా మొలుస్తుంది, తినలేనిది ఆకుపచ్చగా మొలుస్తుంది. ఆ రంగు చెప్పేది అంతే. రొయ్య పిల్లల్ని తొలి నెలలోనే చంపే విబ్రియో పారాహీమోలైటికస్ ఆకుపచ్చగా వస్తుంది కాబట్టి ఆ భయం అక్కడి నుంచి పుట్టింది. చేపల విషయంలో ఈ లెక్క తప్పుతుంది. ప్రపంచమంతటా సముద్రపు చేపల్ని చంపడంలో పేరుమోసిన విబ్రియో ఆంగ్విలారమ్ పసుపు రంగులోనే మొలుస్తుంది. ఇక స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా అయితే ఆ ప్లేటు మీద అసలు మొలవదు. పండుగప్ప కళ్లు ఉబ్బి, గుండ్రంగా తిరిగి చచ్చిపోతుంటే ప్లేటు చూసి 'విబ్రియో తక్కువే ఉంది' అని ధైర్యం చెప్పుకోవడం వల్ల పోయేది చేపే. అలాంటప్పుడు ల్యాబ్ వాళ్లను విబ్రియో ప్లేటుతో ఆపొద్దని, ఉప్పు కలిపిన మామూలు ప్లేటు మీద కూడా వెయ్యమని మీరే అడగాలి.

చర్మం చిరిగితే చేపకు దాహం

సముద్రపు చేప రక్తంలో ఉప్పు బయటి సముద్రంలో ఉన్నదానిలో మూడో వంతు మాత్రమే. అందువల్ల దాని ఒంట్లోని నీళ్లు ఎప్పుడూ బయటికి లాగేసుకుపోతుంటాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి చేప సముద్రపు నీటిని తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల నుంచి బయటికి పంపుతూ ఉంటుంది. ఈ పని క్షణం ఆగదు. దీన్నంతా కాపాడేది పొలుసు మీద ఉండే ఆ జిగురు, దాని కింది పల్చని చర్మం. చేతికి జారుతోందని మనం విసుక్కునే జిగురే బ్యాక్టీరియాను పట్టి, కడిగి, చంపే మొదటి కాపలా.

నాలుగు పొలుసులు ఊడాయంటే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. సూక్ష్మజీవికి తలుపు తెరుచుకుంటుంది. ఆ రంధ్రం నుంచే ఒంట్లో నీళ్లూ పోతాయి. దానికి తోడు భయపడిన చేపలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరిగి రోగనిరోధక శక్తి కొన్నాళ్లు మందగిస్తుంది. పుండు పెట్టిన రోజు చేప చావదు. రెండో రోజు మేతకు పైకి రావడం తగ్గుతుంది, మూడో రోజుకు చర్మం మీద తెల్ల మచ్చో ఎర్ర మచ్చో కనిపిస్తుంది, నాలుగో అయిదో రోజుకు చేప తేలుతుంది. అప్పుడు మనం ఆ రోజు నీటిని పరీక్షిస్తాం. దోషం మాత్రం అయిదు రోజుల వెనక వలలో ఉంటుంది.

పండుగప్పలో ఈ వల తప్పదు, అదే చిక్కు. ఇది సొంత జాతినే మింగే చేప. నర్సరీలో రెండు పిల్లల మధ్య సైజు తేడా కాస్త పెరిగితే చాలు, పెద్దది చిన్నదాన్ని మింగుతుంది, లేదా మింగబోయి గొంతుకు అడ్డం పడి రెండూ చస్తాయి. అందుకని కొద్ది రోజులకోసారి సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ చెయ్యాల్సిందే. గ్రేడింగ్ చెయ్యకపోతే ఒకదాన్నొకటి తింటాయి, చేస్తే పొలుసు ఊడుతుంది. ఈ రెంటి మధ్య పని చేసే చెయ్యి ఎంత నెమ్మదిదన్నదే మీ సీడు బతుకును నిర్ణయిస్తుంది. నా లెక్కలో మంచి గ్రేడింగ్ మనిషికి ఇచ్చే కూలి, ఏ మందుకు పెట్టే డబ్బుకన్నా త్వరగా తిరిగొస్తుంది.

గ్రేడింగ్‌కు ముందు రోజు సాయంత్రం నుంచి మేత ఆపండి. కడుపు నిండిన చేప వలలో మేత కక్కి నీటిని పాడుచేస్తుంది, ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలంటుంది. ముడులు లేని మెత్తని వలే వాడండి. ముడుల వల ఒంటి మీద రంపంలా గీస్తుంది. చేతులు, బల్ల, గ్రేడర్ అన్నీ తడిగా ఉండాలి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి, అయితే తెల్లవారుజామున మాత్రం కాదు; అప్పుడు చెరువులో ఆక్సిజన్ రోజంతటిలోకీ తక్కువ. ఒక్కో గరిటెలో కొద్ది పిల్లలే రావాలి. వలలో ఇరికించి 'తర్వాత చూద్దాం' అని టీకి వెళ్లడం అన్నది ఏ పొలంలోనైనా జరిగేదే, చేపల దగ్గర జరగకూడనిది. గ్రేడింగ్, రవాణా ఒకే రోజున పెట్టుకోకండి. పండుగప్పకు ఉప్పునీరూ మంచినీరూ రెండూ పడతాయి కాబట్టి, తొట్టెల్లో చేసేవాళ్లకు వీలుంటే ఆ తర్వాత కొన్ని రోజులు ఉప్పు పది, పదిహేను పీపీటీ దగ్గర ఉంచడం మంచిది. అది చేప రక్తానికి దగ్గరగా ఉండే ఉప్పు. దాహం బాధ తగ్గి పుండు మానుతుంది.

పంజరాల్లో వలకు తోడు ఇంకో శత్రువు ఉంది. చర్మానికి అతుక్కునే పరాన్నజీవులు. వాటి కొక్కేలు పెట్టిన గాట్లలోంచే బ్యాక్టీరియా దిగుతుంది, కాబట్టి పుండు కనపడగానే బ్యాక్టీరియా మందు వెతికితే పని సగమే అవుతుంది. చేప పంజరం వలకు ఒళ్లు రాసుకుంటోందంటే అది వీటి గుర్తు. కాసేపు మంచినీటిలో ముంచితే చాలా రకాలు తట్టుకోలేక రాలిపోతాయి. వాటి గుడ్లు మాత్రం వలకే అంటుకుని మిగులుతాయి. వల మార్చకుండా చేపను ముంచడం, ముంచకుండా వల మార్చడం, రెండూ దండగే. నాచు, ఆల్చిప్పలు పట్టిన వలలో నీరు కూడా సరిగా ఆడదు.

మేత గురించి క్లుప్తంగా చెబుతాను. పచ్చి చేప కోసి వేసేవాళ్లు ఆ చేపతోపాటు దాని బ్యాక్టీరియాను కూడా వేస్తున్నారు. చెరువులో తిలాపియాను వదిలి పండుగప్పకు తిండిగా ఉంచడం చవకే, కాని స్ట్రెప్టోకాకస్‌ను మోయడంలో తిలాపియా ముందుంటుంది. ఇక ప్రోబయోటిక్ డబ్బాలు: కొన్ని పనిచేస్తాయి, చాలావాటి మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన ఉండదు. ఆ డబ్బుతో ఇంకో ఏరియేటర్ వస్తుందా అని ముందు లెక్క వేసుకోండి. ఆక్సిజన్ లీటరుకు అయిదు మిల్లీగ్రాములున్న నీటిలో తట్టుకునే రోగానికి, మూడు ఉన్న నీటిలో చేప లొంగిపోతుంది.

నార్వే ఏం మానేసింది

సాల్మన్ సాగుకు పెట్టింది పేరైన నార్వే ఒకప్పుడు మనలాగే మందు మీద మందు పోసింది. 1970ల చివర్లో హిట్రా అనే ద్వీపం చుట్టుపక్కల చలికాలంలో చేపలు రక్తం చిమ్మినట్టు ఎర్రబడి చచ్చాయి. కారణం చలి నీటిలో పెరిగే ఒక విబ్రియో అని తేల్చి, దానికి పేరు పెట్టేసరికి 1986 అయింది. అంతలోనే రెండో దెబ్బ. 1985లో స్కాట్లాండ్ నుంచి తెచ్చిన సాల్మన్ పిల్లలతో ఫురంక్యులోసిస్ అనే కురుపుల జబ్బు దిగింది. 1992 నాటికి అది 500 పైచిలుకు ఫారాలకు పాకింది. సీడు ఎక్కడి నుంచి వస్తోందో, దాన్ని ఎవరు పరీక్షించారో అడగకుండా కొనేవాళ్లు ఈ రెండు సంవత్సరాలూ గుర్తుపెట్టుకోవాలి.

1987లో నార్వే చేపల సాగులో వాడిన యాంటీబయోటిక్ 49 టన్నుల దాకా వెళ్లింది. అప్పటి ఉత్పత్తి లక్ష టన్నులు కూడా లేదు. ఇప్పుడు పది లక్షల టన్నులకు పైగా సాల్మన్ పండిస్తూ, ఏడాదికి ఒక టన్ను యాంటీబయోటిక్ కూడా వాడటం లేదు. మధ్యలో వచ్చింది కొత్త మందు కాదు. విబ్రియోలకు టీకాలు వచ్చాయి. 1990ల మొదట్లో కురుపుల జబ్బుకు నూనె కలిపిన టీకా వచ్చింది. చేపపిల్లను సముద్రంలోకి పంపే ముందే ఒక్కోదాని పొట్టలోకి సూది వేస్తారు, కోట్ల పిల్లలకు. టీకాతో పాటు అంతే ముఖ్యమైన మార్పులు ఇంకా జరిగాయి. ఒక చోట ఒకే వయసు చేప. అంతా పట్టేశాక ఆ చోటు కనీసం రెండు నెలలు ఖాళీ. చచ్చిన చేపను ఏ రోజుది ఆ రోజే తీసి లెక్క రాయడం. మందుల చీటీ లేకుండా యాంటీబయోటిక్ దొరక్కపోవడం.

దీన్ని చూసి టీకా ఉంటే అన్నీ తీరతాయనుకోవద్దు. అదే సాల్మన్‌ను పెంచే చిలీలో 1989లో బయటపడ్డ పిసిరికెట్సియా అనే బ్యాక్టీరియా చేప కణాల లోపలే దాక్కుంటుంది. దాని మీద టీకాలు నార్వేలో పనిచేసినంతగా పనిచెయ్యలేదు. చిలీ 2014లో ఒక్క ఏడాదిలో 500 టన్నులకు మించి యాంటీబయోటిక్ వాడింది. చిలీ వాళ్లు మనకన్నా తెలివితక్కువ వాళ్లేం కాదు. సూక్ష్మజీవి తీరు వేరు, ఫారాలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉండటం వేరే కారణం. టీకాలు ఇంకా సులువుగా అందని మనకు నార్వే నుంచి ఇవాళే తెచ్చుకోగలిగింది సూది కాదు, ఆ మిగతా నాలుగు పనులు. ముఖ్యంగా లెక్క రాయడం.

ఒక నోటు పుస్తకం చాలు. రోజుకు ఒక వరుస: తెల్లవారుజామున ఆక్సిజన్, ఉప్పు, వేసిన మేత, మిగిలిన మేత, చచ్చినవి, ఆ రోజు చేపను ఏం చేశాం. అంతా బాగున్న రోజున రాయడమే కష్టం, ఎవరికైనా. కాని చావులు మొదలైనప్పుడు పనికొచ్చేవి బాగున్న రోజుల వరుసలే. మామూలుగా రోజుకు రెండు పోయే చెరువులో నాలుగు పోయాయంటే ఆ తేడా గమనించేది రాసినవాడొక్కడే. అక్కడి నుంచి వారం వెనక్కి చూస్తే వలో, కరెంటు కోతో, వానకు పడిపోయిన ఉప్పో దొరుకుతుంది.

అయినా మందు కావాల్సి వస్తే

ముందు చేపను ల్యాబ్‌కు సరిగ్గా పంపాలి. చచ్చి తేలిన చేప దాదాపు పనికిరాదు. మన ఎండకు గంటలోనే కుళ్లు బ్యాక్టీరియా ఒళ్లంతా పాకుతుంది, ప్లేటు మీద అదే మొలుస్తుంది. బతికి ఉండి, ఒరిగిపోతూ, చేతికి సులువుగా దొరికే చేపలు నాలుగైదు పట్టండి. దగ్గరలో ల్యాబ్ ఉంటే ఆక్సిజన్ సంచిలో బతికుండగానే తీసుకెళ్లండి. లేకపోతే కవరులో పెట్టి ఐసు మీద ఉంచి కొద్ది గంటల్లో చేర్చండి, ఫ్రీజర్‌లో మాత్రం గడ్డకట్టించకండి. పుండు మీద నుంచి తీసిన నమూనాలో నీటిలోని ప్రతి క్రిమీ ఉంటుంది. వెన్నెముక కింద ముదురు ఎర్ర పట్టీలా ఉండే మూత్రపిండం నుంచి, ప్లీహం నుంచి తియ్యమని అడగండి. అక్కడ ఒకే రకం దట్టంగా మొలిస్తే అదే దోషి అనుకోవచ్చు. ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష దాని మీదే చేయించాలి.

పిల్లలు నల్లబడి సుడులు తిరుగుతూ చస్తుంటే అది నోడా వైరస్ కావచ్చు. వైరస్‌కు ఏ యాంటీబయోటిక్కూ పనిచెయ్యదు, పది రకాలు కలిపి వేసినా.

మేతలో కలిపే మందుకు ఒక పెద్ద లోపం ఉంది. రోగం ముదిరిన చేప తినదు. తినేది ఇంకా బాగున్న చేప. కాబట్టి ఆ మందు కాపాడేది మిగిలినవాటిని మాత్రమే, పోతున్నవాటిని కాదు. తిండి పూర్తిగా తగ్గిపోయిన తర్వాత మొదలుపెడితే మందంతా నీటిపాలు. మనవాళ్లు ఎక్కువగా అడిగే ఆక్సిటెట్రాసైక్లిన్ సంగతి ఇంకా ఘోరం: ఉప్పునీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో అతుక్కుపోయి, చేప రక్తంలోకి వెళ్లేది స్వల్పమే అవుతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన దేశంలో నిషేధం. పట్టుబడి చేసిన సరుకులో వాటి జాడ దొరికితే పోయేది ఒక్క కంటెయినర్ కాదు, ఆ ప్రాంతం పేరు.

ఆఖరుగా మీ చేతుల గురించి. చేపను చంపే కొన్ని సూక్ష్మజీవులు మనిషికీ ఎక్కుతాయి. రెక్క ముల్లు గుచ్చుకున్న వేలు వాచి, జ్వరం వచ్చి, కొన్ని గంటల్లోనే చెయ్యంతా ఎర్రబడితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు, లివరు జబ్బులు ఉన్నవాళ్లకు విబ్రియో వల్నిఫికస్ ప్రాణాంతకం. స్ట్రెప్టోకాకస్ ఇనియే 1995, 96 శీతాకాలంలో టొరంటోలో తాజా తిలాపియాను శుభ్రం చేసినవాళ్లకు సోకింది. ఇవి తొందరగా కనిపించే జబ్బులు. మైకోబ్యాక్టీరియమ్ మెరైనమ్ అలా కాదు. వేలి కణుపు మీద నొప్పిలేని బొడిపెలా మొదలై నెలల తరబడి మానదు, మామూలు మాత్రలకు లొంగదు. డాక్టరుకు మీరు చేపల చెరువులో పని చేస్తారని చెప్పండి. ఎందుకంటే ఈ క్రిమి పెరిగేది 30 డిగ్రీల దగ్గర. పరీక్షశాలలో నమూనాను మనిషి ఒంటి వేడి 37 దగ్గర మాత్రమే పెడితే అది మొలవకపోవచ్చు, రిపోర్టులో 'ఏమీ లేదు' అని వస్తుంది.